పట్టీ పెడలూ తాళం పెడలూ

సైకిలెక్కిన మనిషి దిగడానికి ఇంకో మనిషి సాయం కావాలంటే వినేవాళ్ళకి నవ్వొస్తుంది. కానీ పందేల ట్రాకు మీద తిరిగే సైకిళ్ళ తీరే అంత. వాటికి బ్రేకులుండవు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. తొక్కడం ఆపి, కాళ్ళు ఊరికే ఆనించి హాయిగా పోదామంటే కుదరదు. వేగం తగ్గించాలన్నా తిరిగే పెడళ్ళని కాళ్ళతోనే అదిమి పట్టాలి. పాదం జారిందంటే ఆ పెడల్ ఎవరి కోసమూ ఆగదు. గుండ్రంగా తిరిగొచ్చి మోకాటి కింద ఎముక మీద ఒక్కటిస్తుంది. అందుకని పాదాన్ని పెడల్‌కి బిగించి కట్టేస్తారు.

బొంగరానికి కట్టేది బాబాయి. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదని ఆ పేరు పెట్టిందీ ఆయనే. ఇప్పుడు పాతికేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు, ఆ తిరుగుడూ పోలేదు. పొద్దున్నే ఇద్దరూ కలిసి ట్రాకు దగ్గరికొస్తారు. ఆమె సీటెక్కి ఒక చెయ్యి ఆయన భుజం మీద వేస్తుంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప చట్రంలో దూర్చిన ఆమె పాదం మీదుగా తోలు పట్టీ లాగి బకిల్ బిగిస్తాడు. తరవాత లేచి సీటు వెనక పట్టుకుని నిలబడతాడు. విజిల్ పడగానే వదిలేస్తాడు. చుట్లు పూర్తిచేసి లోపలివైపు చదును నేల మీదికి ఆమె మెల్లగా దిగివచ్చినప్పుడు ఎదురెళ్ళి పట్టుకుని, పట్టీలు వదులు చేస్తాడు. ఆ పట్టీలు కూడా ఆయన చేత్తో కుట్టినవే.

గురువారం పొద్దున మూడోసారి ఎడమ పట్టీ జారింది. మొదటి నాలుగు తొక్కుళ్ళలోనే, పెడల్‌ని బలంగా పైకి లాగేటప్పుడు పాదం చట్రంలో కదిలి బలమంతా వృథా అయింది. బొంగరం తిట్టుకుంటూ వేగం తగ్గించి కిందికి దిగింది.

"మళ్ళీనా?" కోచ్ మేడమ్ స్టాప్‌వాచీ జేబులో పడేసి వచ్చింది.

"తోలు కొత్తది మేడమ్. సాగుతోంది," అన్నాడు బాబాయి.

తోలు కొత్తది కాదు. కిందటేడు కుట్టినది, సాగాల్సినదంతా ఎప్పుడో సాగిపోయింది. బొంగరం ఆయన మొహంలోకి చూసింది. ఆయన బకిల్ వైపు చూస్తున్నాడు.

"ఆదివారం ఎంపిక," అంది కోచ్. "జట్టులో ఉన్నది ఒక్క ఖాళీ. నీ వయసు వాళ్ళందరూ క్లీట్ పెడళ్ళకి మారిపోయారు. నువ్వొక్కదానివే ఇంకా ఒకళ్ళు కట్టాలి, ఒకళ్ళు విప్పాలి అంటూ కూర్చున్నావు. బూటు కింద బిళ్ళ ఉంటుంది. అదిమితే పెడల్లో టక్కుమని పడిపోతుంది. మడమ పక్కకి తిప్పితే ఊడొస్తుంది. ఎవరి సాయమూ అక్కర్లేదు. ఏదో ఒకటి రేపటికల్లా తేల్చుకో."

"చెప్పుకి తాళమేసుకుని తొక్కుతారా?" అన్నాడు బాబాయి. నవ్వుతూనే అన్నాడు గానీ, కోచ్ నవ్వలేదు.

బాబాయికి బ్యాగులు బాగుచేసే కొట్టుంది. ముందు గదిలో బల్ల, కుట్టుమిషను, తెగిన పిడులూ విరిగిన జిప్పులూ పట్టుకొచ్చిన బ్యాగుల గుట్ట. వెనక ఇల్లు. మిషను మీద బొంగరం కుడుతుంది, చేతికుట్టు ఆయనది. ఆ మధ్యాహ్నం ఆమె మిషను ఆపి చాలాసేపు ఆయన్నే చూసింది. ఆయన ఒక పాత తోలు సంచీకి పిడి వేస్తున్నాడు. ఆరెతో బెజ్జం చేసి, రెండువైపుల నుంచీ మైనం దారం దూర్చి లాగాలి. ఇదివరకు చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య దారం పట్టి ఒక్క గుంజు గుంజేవాడు. ఇప్పుడు దారాన్ని మణికట్టుకి చుట్టుకుని మోచెయ్యి వెనక్కి లాగుతున్నాడు. కుట్టు పడుతోంది. కానీ ఒకటి బిగుతుగా, ఒకటి వదులుగా పడుతోంది. ఆయన ఆ వదులు కుట్టుని వేలితో తడిమి, విప్పి, మళ్ళీ వేస్తున్నాడు.

పిన్ని టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. వెళ్ళబోతూ జిగురు డబ్బా తీసుకుని, మూత తిప్పి, సగం తెరిచి ఆయన చేతికందేలా పెట్టి వెళ్ళిపోయింది. ఎవరూ అడగలేదు. వాళ్ళకది అలవాటైపోయినట్టుంది.

బొంగరం వంటింట్లోకి వెళ్ళి పిన్నిని నిలదీసింది.

"బాబాయి చేతికేమైంది?"

"ఏమైంది? బానే ఉందిగా," అంది పిన్ని గిన్నె తోముతూ.

"పిన్నీ."

పిన్ని గిన్నె పక్కన పెట్టింది. "మణికట్టులో నరం నొక్కుకుపోయిందట. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, పట్టు ఉండట్లేదు. డాక్టరు కొన్నాళ్ళు పని ఆపమన్నాడు. ఈయన ఆపుతాడా? నీకు చెప్తే ఆదివారం దాకా అదే ఆలోచిస్తావని నా నోరు నొక్కేశాడు. నేను చెప్పానని అనకు తల్లీ, నా ప్రాణం తీస్తాడు."

బొంగరం వచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఆమెకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. తోలు సాగిందట! తాడోపేడో తేలే పోటీకి మూడు రోజులుండగా, బిగించలేని పట్టీ బిగించి ఆయన ఎవర్ని మోసం చేస్తున్నట్టు? మరుక్షణం ఇంకోటి తోచింది. ఆ పట్టీలు వద్దంటే, ఇక నువ్వు రానక్కర్లేదని ఆయనతో అన్నట్టే. పొద్దున్నే ఆయన టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడి "లే, ఎండెక్కుతోంది" అని అరవడానికి ఇంకేం మిగులుతుంది?

మధ్యేమార్గం ఒకటుంటే బాగుండునని ఆమె ఆశపడింది. అరచెయ్యంత వెడల్పు బట్ట పట్టీ, ఒకదానికొకటి అతుక్కునే రకం. అలాంటిదైతే ఎవరూ లాగి బిగించక్కర్లేదు, పాదం దూరిస్తే చాలు. మాట చెవిన పడగానే బాబాయికి హుషారొచ్చింది. కత్తిరించి ఇచ్చాడు, ఆమె మిషను మీద నాలుగు వరసలు కుట్టింది. సాయంత్రం ట్రాకు మీద అది మొదటి లాగుడికే చర్రుమని ఊడి జెండాలా ఎగిరింది.

"బస్సులో సంచీ మూతికి బానే ఉంటుంది," అన్నాడు బాబాయి. ఇద్దరూ నవ్వారు. ఇక తోలు పట్టీయో, తాళం పెడలో, మిగిలినవి రెండే మరి.

శుక్రవారం పొద్దున బొంగరం నేరుగా ట్రాకు పక్కనున్న రిపేరు గదిలోకి వెళ్ళింది. అక్కడ పనిచేసే మనిషి అసలు పేరు అందరూ మర్చిపోయారు, స్పానర్ అంటేనే పలుకుతాడు. పట్టీ పెడళ్ళు విప్పి క్లీట్ పెడళ్ళు వెయ్యమని ఆమె చెప్తుంటే బాబాయి గుమ్మం బయటే నిలబడ్డాడు. స్పానర్ పెడల్ పక్కనున్న చిన్న మర చూపించాడు.

"ఇది ఇటు తిప్పితే బిగువు, అటు తిప్పితే వదులు. కొత్తవాళ్ళకి వదులుగా పెడతాం. నీకలా కుదరదమ్మా, బయల్దేరేటప్పుడు నువ్వు పెడల్‌ని పీకేస్తావ్. పూర్తిగా బిగిస్తున్నా. దిగేటప్పుడు మడమ గట్టిగా తిప్పాలి, మర్చిపోకు."

ఆమె తొక్కి చూసింది. పాదం, పెడల్, గొలుసు, చక్రం అన్నీ ఒక్క ముక్కలా కదిలాయి. కాలు పైకి లాగితే ఆ లాగుడంతా ముందుకి పోయింది. ఇన్నాళ్ళూ సగం బలం బూటులోనే దాచుకుని తొక్కినట్టనిపించింది. కోచ్ వాచీ చూసి కనుబొమలెగరేసింది.

ఆ సంబరంలో ఆమె మడమ సంగతి మర్చిపోయింది. లోపలికి దిగివచ్చి, ఇన్నేళ్ళ అలవాటు ప్రకారం బాబాయి ఎదురొస్తాడని ఆగిపోయింది. ఎవరి సాయమూ అక్కర్లేదని కోచ్ చెప్పిందని ఆయనేమో దూరంగా బెంచీ మీద కూర్చున్నాడు. సైకిల్ నిలువునా పక్కకి ఒరిగింది. రెండు కాళ్ళూ పెడళ్ళకే ఉండగా ఆమె ధబీమని సిమెంటు మీద పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది.

బాబాయి పరిగెత్తుకొచ్చాడు. కింద నలిగిన కాలు పట్టుకుని బూటు తిప్పబోయాడు. రాలేదు. రెండు చేతులా పట్టుకున్నాడు. వేళ్ళు బూటు మీంచి జారిపోయాయి. నొసటి మీద చెమట పట్టింది. "ఆగమ్మా, ఆగు, తీస్తున్నా," అంటూ మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారాయి. ఈలోగా స్పానర్ వచ్చి మడమని ఒక్క తిప్పు తిప్పాడు. టక్కుమని ఊడింది.

"ఇంత బిగువా?" అన్నాడు బాబాయి. స్పానర్ ఏదో చెప్పబోతే వినకుండా సైకిలెత్తి నిలబెట్టాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బొంగరం చెప్పేసింది. "బాబాయ్, ఆదివారం తాళం పెడళ్ళతోనే పోతాను."

ఆయన తింటూనే ఉన్నాడు. "నీ కాళ్ళు, నీ ఇష్టం."

"నీ చెయ్యి బాగాలేదని కాదు..."

నోరు జారింది. పిన్ని చేతిలో గరిట ఆగిపోయింది. బాబాయి తలెత్తి ముందు పిన్నిని చూశాడు, తరవాత బొంగరాన్ని. కోప్పడితే బాగుండేది. ఆయన కోప్పడలేదు, మంచినీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయాడు. బొంగరం కంచం పక్కకి నెట్టింది. తన నోటిని తానే వెయ్యి తిట్లు తిట్టుకుంది.

శనివారం తొక్కకుండా ఒళ్ళు విశ్రాంతిగా ఉంచుకోవాలని కోచ్ ఆజ్ఞ. "నువ్వెళ్ళి పడుకో, సైకిల్ నేను తుడిచి పెడతా," అన్నాడు బాబాయి. మధ్యాహ్నమంతా కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని ఏదో చేస్తూనే ఉన్నాడు. సాయంత్రం బయటికొచ్చేసరికి మొహంలో కాస్త తేట ఉంది. పిన్నితో మాట్లాడాడు, బొంగరం మోచేతి గాయం చూసి మందు రాశాడు. కోపం పోయిందనుకుని బొంగరం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం ట్రాకు చుట్టూ జనం. వేరే ఊళ్ళ అమ్మాయిలు, వాళ్ళ వాళ్ళు, మెడలో వాచీలు వేలాడేసుకున్న అధికారులు. ఒళ్ళు వేడెక్కడానికి తిరిగిన చుట్లలో బొంగరానికి పాదం చులాగ్గా పెడల్లో పడింది, చులాగ్గా వచ్చేసింది. రెండు రోజుల్లోనే అలవాటైపోయిందని మురిసిపోయింది.

ఆమె వంతు వచ్చింది. బాబాయి సీటు వెనక పట్టుకున్నాడు. విజిల్ పడింది. సీటు మీంచి లేచి, కుడి కాలితో తొక్కి, ఎడమ కాలు పైకి లాగింది. మళ్ళీ తొక్కి, మళ్ళీ లాగింది. మూడో లాగుడికి ఎడమ పాదం ఊడి గాల్లోకొచ్చింది. ఆగని పెడల్ తిరిగొచ్చి ఎముక మీద తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. కుడి కాలు పెడల్‌తో పాటు తిరుగుతూనే ఉంది. హాండిల్ అటూ ఇటూ కొట్టుకుంది గానీ ఆమె పడలేదు. ఎలాగో లోపలికి దించి ఆపింది.

కోచ్ వచ్చి వంగి పెడల్ చూసింది. మర తిప్పే తాళంచెవి పెట్టి తిప్పి చూసి నిటారుగా లేచింది.

"పూర్తిగా వదిలేసి ఉంది! స్పానర్!"

స్పానర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పని చేసేటప్పుడు బుర్ర ఎక్కడ పెట్టుకుంటావు? ఇది బిగించడమేనా? ఏడాదంతా ఆ పిల్ల పడ్డ కష్టం గంగపాలు చేశావు కదా!"

"నేను పూర్తిగా బిగించే ఇచ్చాను మేడమ్."

"అయితే అదే వదులైపోయిందా? అబద్ధం కూడానా? రేపణ్ణుంచి ఆ గది తాళం ఇచ్చి వెళ్ళిపో."

అందరూ చూస్తున్నారు. స్పానర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో గుడ్డని మడత పెడుతూ, విప్పుతూ నిలబడ్డాడు. బొంగరం తల తిప్పి బాబాయిని చూసింది. చూడగానే తెలిసిపోయింది. నిన్న మధ్యాహ్నం దగ్గరగా వేసిన తలుపు, సాయంత్రం మొహంలో తేట, పొద్దున చులాగ్గా ఊడిన పాదం అన్నీ ఒక్కసారే తెలిశాయి. అవతల స్పానర్‌కి అన్యాయం జరుగుతోంది. నోరు తెరిస్తే ఇంతమందిలో బాబాయి పరువు పోతుంది. ఆమె పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. అందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది.

"అతన్నేమీ అనకండి," అన్నాడు బాబాయి. "నేను వదులు చేశాను."

కోచ్ అర్థం కానట్టు చూసింది. "మీరా? ఎందుకు?"

"మొన్న పడిపోయినప్పుడు నా చేత్తో ఊడలేదు మేడమ్. మళ్ళీ పడితే? పక్కన నేనుండీ తియ్యలేకపోతే?" ఆయన తన చెయ్యి చాపి చూపించాడు. "బూటు చేతికి తొడుక్కుని, పెడల్లో పెట్టి తిప్పి చూశాను. ఊడేదాకా కొంచెం కొంచెం వదులు చేస్తూ పోయాను. నా చేతికి ఊడేసరికి అంత వదులైంది."

కోచ్ అధికారుల వైపు వెళ్ళి ఏదో మాట్లాడి వచ్చింది. మొదటి సగం చుట్టులోనే ఆగిపోయింది గనక అందరూ అయ్యాక ఇంకొక్క అవకాశం ఇస్తారట. స్పానర్ మొహం వైపు చూడకుండానే, "ఆ తాళం నీ దగ్గరే ఉంచు," అంది. క్షమాపణ ఆవిడ నోట అంతకంటే రాలేదు.

బొంగరానికి అప్పుడు వచ్చింది కోపం.

"నన్నడగొచ్చుగా బాబాయ్!"

"అడిగితే వద్దంటావు."

"అంటాను! వద్దనే అంటాను! పడితే పడతాను, మోచెయ్యి చెక్కుకుంటే చెక్కుకుంటుంది. నా కాళ్ళన్నావు, నా ఇష్టమన్నావు, మళ్ళీ తలుపేసుకుని నీ ఇష్టం చేశావు!" ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. "స్పానరన్న మొహం చూడు ఒకసారి."

బాబాయి చూశాడు. దగ్గరికెళ్ళి, "తప్పయిపోయింది తమ్ముడూ," అన్నాడు. "ఆ తాళంచెవి ఇలా ఇవ్వు."

"నేను బిగిస్తాలెండి."

"ఉండు. వదులు చేసినవాణ్ణి నేను."

ఆయన సిమెంటు నేల మీద కూర్చున్నాడు. వేళ్ళతో తాళంచెవి తిరగలేదు. దాన్ని అరచేతి మొదట్లో ఆనించి, మోచేతి బలంతో నెట్టాడు. కొంచెం తిరిగింది. స్పానర్ పక్కన కూర్చుని, "ఇంకా," అన్నాడు. ఇంకాస్త నెట్టాడు. "ఇంకా ఉంది బాబాయిగారూ." అరచేతిలో ఎర్రగా గుంట పడింది. రెండో పెడల్ కూడా అలాగే చేశాడు. తరవాత బొంగరం వైపు చెయ్యి చాపాడు.

"బూటు ఇవ్వు."

ఆమె ఎడమ బూటు విప్పి ఇచ్చింది. ఆయన దాన్ని చేతికి తొడుక్కుని పెడల్ మీద అదిమాడు. ఒంటి బరువంతా వేస్తే టక్కుమని పడింది. మణికట్టు పక్కకి తిప్పాడు. కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసి పళ్ళు బిగబట్టి తిప్పాడు. సైకిలు మొత్తం కదిలింది గానీ బూటు ఊడలేదు.

"నావల్ల కావట్లేదు," అన్నాడు బాబాయి. "ఇప్పుడు సరిగ్గా ఉంది."

బూటు స్పానర్ తీసిపెట్టాడు. అందరి వంతులూ అయ్యాయి. బొంగరం సీటెక్కింది. బాబాయి తలొంచుకుని దూరంగా నిలబడి ఉన్నాడు. వెనక పట్టుకోడానికి స్పానర్ ముందుకొస్తే ఆమె తల అడ్డంగా ఊపి బాబాయి వైపే చూస్తూ కూర్చుంది. అధికారి విసుక్కున్నాడు. చివరికి బాబాయే వచ్చి సీటు వెనక రెండు మోచేతులూ బిగించి నిలబడ్డాడు. ఆయన ఊపిరి ఆమె వీపుకి తగిలింది.

విజిల్ పడింది. లేచింది, తొక్కింది, లాగింది. పాదాలు కదల్లేదు. మొదటి మలుపులోకి వెళ్ళేసరికి చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ లేదు. రెండో చుట్టులో తొడలు మండిపోయాయి. ఆపుదామన్నా పెడళ్ళు ఆపనివ్వవు, తిరగమంటాయి. తిరిగింది. గీత దాటాక కూడా కాళ్ళు వాటంతటవే ఇంకో రెండు చుట్లు తిరిగి, మెల్లమెల్లగా నెమ్మదించాయి.

లోపలికి దిగివచ్చింది. బాబాయి ఎదురొచ్చాడు. సైకిలు ఆగిపోతుండగా ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని, చంక కింద భుజం పెట్టాడు.

"మడమ తిప్పు."

ఆమె తిప్పబోయింది. తొడల్లోంచి పాదాల దాకా ఎక్కడా ప్రాణం లేదు. "తిరగట్లేదు బాబాయ్. నువ్వు తియ్యి."

"నావల్ల ఎక్కడవుతుంది? ఇందాక చూశావుగా."

అవతల్నుంచి కోచ్ రెండు చేతులూ పైకెత్తి కేకేసింది. జట్టులో ఉన్న ఒక్క ఖాళీ బొంగరానిదే. స్పానర్ గుడ్డ గాల్లోకి విసిరాడు. వాళ్ళిద్దరూ మాత్రం అక్కడే, ఆ చదును నేల మధ్యలో, పడకుండా ఇరుక్కుపోయి నిలబడ్డారు. బొంగరానికి ఎగశ్వాసలోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుకి సైకిలు ఊగింది. బాబాయి కాళ్ళు ఎడంగా పెట్టి ఇంకాస్త ఆనుకున్నాడు.

"నవ్వకు, పడతాం. కాళ్ళలోకి సత్తువ రానియ్యి. నువ్వే తీసుకుందువు గానీ."

"ఎంతసేపు పడుతుందో!"

"పట్టనీ. నిలబడతాగా."

ఆమె హాండిల్ వదిలేసి బరువంతా ఆయన మీద వేసింది.